నేతవీధి బావిలో తెల్లపురుగు

గద్వాల
16 మే 1943

తమ్ముడు అనంతయ్యకు,

ఇక్కడ మేమందరం బాగున్నాం, ఎండలు మాత్రం బాగాలేవు. నీ దగ్గరినుంచి ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. హైదరాబాదు కాలేజీలో కప్పలకూ పాములకూ బొమ్మలు గీసేవాడికి అక్కకు నాలుగు గీతలు గీయడానికి తీరిక లేదా అని మీ బావ అడుగుతున్నాడు. నేను అడగడం లేదు. అడిగితే వెంటనే రాస్తావు, తర్వాత మళ్ళీ మూడు నెలలు ఊరుకుంటావు.

అసలు సంగతికి వస్తాను. మన నేతవీధి మెట్లబావి ఈసారి అడుగంటింది. నాన్న ఉన్నప్పుడు కూడా నీళ్ళు ఇంత లోతుకు పోలేదట. పూడిక తీయడానికి రాజోలి నుంచి ఇస్రాయేలును పిలిపించారు. అతను బావిలోకి దిగి బురద ఎత్తొచ్చు గానీ తాగడానికి కడవ ముంచకూడదు. మన వీధి న్యాయం నీకు తెలిసిందే. మూడోరోజు అడుగు బండ పగుల్లో నీరు ఊరేచోట గంప నింపి పైకి పంపుతూ, "అమ్మా, మీ బాయిల బియ్యం మొలిచినయ్, కాళ్లు గుడ వచ్చినయ్ సూడు" అన్నాడు. నవ్వుకుంటూ వెళ్ళి చూశాను. నిజమే. బియ్యపు గింజంతవి కొన్ని, రెండు గింజలంతవి కొన్ని, పాలలాంటి తెలుపుతో కదులుతున్నాయి. మగ్గం మీద పోగు తెగితే కనిపెట్టే కళ్ళు నావి. ఆ పురుగుకు కళ్ళెక్కడున్నాయో ఎంత వెతికినా కనబడలేదు.

ఈ కబురు ఊరి శుభ్రత చూసే సఫాయి దరోగా దాకా పోయింది. మన వీధిలో ఏటా ఇద్దరు ముగ్గురికి నారి కురుపు లేస్తుంది కదా. పోయిన ఎండాకాలం పక్కింటి కిష్టమ్మత్త మడమలోంచి మూరెడు తెల్లపురుగు దారంలాగా బయటికొచ్చింది. దాని పిల్లలే ఇవి అంటాడు దరోగా. బావిలో సున్నం పోయించి, మెట్లు మూయిస్తాడట. అందాకా మనం వడకట్టే ఒంటి గుడ్డ చాలదు, రెండు మడతల గుడ్డతో వడకట్టి తాగమన్నాడు. వడకడుతున్నాం. కానీ బావి మూసేస్తే పట్టు ఉడకబెట్టడానికి ఎక్కడికి పోవాలి? చుట్టుపక్కల బావులన్నీ ఉప్పువే. వాటిలో ముంచితే ఎర్రరంగు ఇటుకరంగై కూర్చుంటుంది.

అందుకని నీకు రెండు ప్రశ్నలు. ఇది నారి పురుగు పిల్లేనా? ఈ నీళ్ళు తాగొచ్చా? ఆరు పురుగులను ఉప్పునీళ్ళ సీసాలో వేసి పంపుతున్నాను. సీసాలో వేసేటప్పుడు రెండింటికి కాళ్ళు ఊడాయి. వాటిని గంజితో అతికించాను. అడ్డదిడ్డంగా పంపిందని మీ వాళ్ళు అనుకోకూడదు కదా.

అక్క
రామేశ్వరమ్మ


హైదరాబాదు
9 జూన్ 1943

అక్కకు నమస్కారాలు.

నీ సీసా అందింది. అందిన రోజునుంచి నాకు అన్నం సయించడం లేదు. భయపడకు, సంతోషంతోనే.

ముందుగా ఒక మనవి. ఇకమీదట దయచేసి ఏదీ అతికించకు. ఆ గంజి కడగడానికి నాకు ఒక పూట పట్టింది. ఒకదానికి ఎడమకాలు తెచ్చి కుడివైపు అతికించావు. దానికి కుడివైపు ఎనిమిది కాళ్ళు, ఎడమవైపు ఆరు చూసి మా సారు అరగంటసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఇప్పుడు నీ పురుగు కులగోత్రాలు చెప్తాను. మా పని అంతా కాళ్ళూ మీసాలూ లెక్కపెట్టి ఇంటిపేరు చెప్పడమే. తల చూస్తే రెండు జతల మీసాలు, ఒక జత పొట్టివి, ఒక జత పొడుగువి. కళ్ళు లేవు. నువ్వు వెతికి దొరకలేదన్నావు, భూతద్దం కింద నేనూ వెతికాను, ఉండాల్సినచోట చిన్న గుంట కూడా లేదు. తల వెనక ఏడు పట్టీలు, పట్టీకి ఒక జత చొప్పున ఏడు జతల కాళ్ళు. మొదటి జత నడవడానికి కాదు, పట్టుకోవడానికి. పోగు కొసలు పట్టే మన చిమటా లాగే ముడుచుకుంటుంది. ఏడు పట్టీలూ అయ్యాక తోక. తోక కింద పల్చటి రెక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, ఊపిరి వాటితోనే. చిట్టచివర రెండు పుల్లలు.

ఆరు కాళ్ళుంటే చీమల వైపు పోవాలి. ఎనిమిదుంటే సాలీడు వైపు. పధ్నాలుగు కాళ్ళూ, రెండు జతల మీసాలూ, తోక కింద రెక్కలూ ఉన్నాయంటే ఇది రొయ్యలకు దూరపు చుట్టం. తడి ఇటుక ఎత్తితే కింద బూడిదరంగు పురుగు ఉంటుంది, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటుంది. అది దీనికి దగ్గర చుట్టం. అది నేలమీదికి వచ్చింది, ఇది బండల కింద చీకటి నీళ్ళలోనే ఉండిపోయింది. వెలుతురు లేనిచోట కళ్ళెందుకు, రంగెందుకు? రెండూ పోయాయి.

నారి పురుగుకు కాళ్ళే లేవు, మీసాలూ లేవు. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది నిరపరాధి. పైగా మురికి నీళ్ళలో ఇది బతకదు, శుభ్రమైన ఊటల్లోనే ఉంటుంది. ఈ మాట నా మాటగా దరోగాకు చెప్పు. మన దేశంలో ఇలాంటిది ఎవరూ రాసినట్టు మా సారుకు తెలియదు. బావి మూయనివ్వకు.

నువ్వు పంపిన ఆరింటిలో రెండింటికి పొట్ట కింద పిల్లలను మోసే సంచి ఉంది, అవి ఆడవి. మిగతావి ఏవో తేలడం లేదు. ఇంకా కావాలి. ఈసారి స్పిరిటు సీసా పంపుతున్నాను, అందులో వేయి. బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
అనంతయ్య


గద్వాల
4 జూలై 1943

అనంతూ,

నీ ఉత్తరం వీధిలో మూడుసార్లు చదివాను. మొదటిసారి మా ఇంటి అరుగు మీద, రెండోసారి కిష్టమ్మత్త ఇంట్లో, మూడోసారి దరోగా ముందు. "నిరపరాధి" అన్నచోట మీ బావ నన్ను ఆపి మళ్ళీ చదవమన్నాడు. శుభ్రమైన నీళ్ళలోనే బతుకుతుందన్నావే, అక్కడ అందరూ తలలూపారు. దరోగా కాసేపు గడ్డం గోక్కుని, పెద్ద కాలేజీవాళ్ళే చెప్తే తానెవరన్నాడు. సున్నం బస్తాలు తిరిగి బండెక్కాయి. మొన్న పట్టు ఉడకబెట్టాం, రంగు పట్టపగలులా తేలింది.

నీ పుణ్యాన వీధికి ఇంకొక పని కూడా తగ్గింది. నీళ్ళు శుభ్రమైనవని తేలాక గుడ్డతో వడకట్టడం మానేశాం. పొద్దున కడవ కడవకూ వడకట్టాలంటే రెండు గడియల పని ఆగుతుంది, పైగా ఈ యుద్ధం రోజుల్లో నూలే దొరకడం లేదు, వడపోతకు గుడ్డలెక్కడివి? మానేయొచ్చు కదా?

స్పిరిటు సీసా వాసన చూసి మీ బావ స్నేహితులు ఇద్దరు ఆ రోజు మా ఇంటికి ఊరకనే వచ్చి కూర్చున్నారు. దాన్ని ధాన్యం గాదెలో దాచాల్సి వచ్చింది.

పన్నెండు పురుగులు పంపుతున్నాను. అతికించవద్దన్నావు, ఏదీ అతికించలేదు. ఒక్కొక్కదాన్ని తెల్లగుడ్డ మీద తిరగేసి, షావుకారుకు చీర పంపేముందు ఎలా చూస్తామో అలా చూసి, చిమటాతో సాపు చేసి వేశాను. నేతింటి ఆడపిల్ల పంపిన సరుకని చూడగానే తెలియాలి.

అక్క


హైదరాబాదు
18 సెప్టెంబరు 1943

అక్కా,

పన్నెండూ చేరాయి. జవాబు ఆలస్యం చేసినందుకు తిట్టు, పడతాను. రోజూ సాయంత్రం దాకా వాటి బొమ్మలే. ఒక్కొక్క కాలికీ ఎన్ని కణుపులు, ఒక్కొక్క కణుపు మీద ఎన్ని వెంట్రుకలు, అన్నీ లెక్కపెట్టి గీయాలి. మగ్గం మీద పోగులు లెక్కపెట్టిన చేయి కాబట్టి ఈ పని వచ్చిందని మా సారు అంటారు. ఆ మాట నాన్న వినుంటే బాగుండేది. నేను మగ్గం వదిలేసి వచ్చిన రోజున ఆయన నాతో మాట్లాడలేదని నీకు గుర్తుంది కదా.

ఒక చిక్కు వచ్చిపడింది. పన్నెండింటిలో ఒక్క మగదీ లేదు. మా శాస్త్రంలో ఇలాంటి పురుగు ఏ జాతిదో తేల్చేది మగదాని గుర్తు. కాళ్ళు, మీసాలు ఒకేలా ఉన్న రెండు జాతులు ఆ ఒక్కచోట తేడాగా ఉంటాయి. ఆ గుర్తు ఏమిటో, ఎక్కడుంటుందో అక్కవైన నీకు ఎలా రాయను? ఉంటుంది, అంతే. బాగా పెద్దవాటిని చూసి పంపు, వాటిలో మగవి ఉండాలి.

ఇంకొకటి. నాలుగైదు పురుగులకు తోక కింద రెక్క విరిగి ఉంది. టపాలో కుదుపుకు విరిగి ఉంటుంది. ఈసారి సీసాలో దూది ఎక్కువ పెట్టు. విరిగినవి నాకు పనికిరావు.

బావ చీరలు పట్టుకుని వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పోతాడు కదా. అక్కడి బావుల్లో కూడా వెతకమను. మన బావిలోనే ఉన్నాయా, ఆ బండ కింద ఊటలన్నిటిలోనూ ఉన్నాయా అని సారు అడుగుతున్నారు.

ఇట్లు
అనంతయ్య


గద్వాల
12 డిసెంబరు 1943

అనంతయ్యకు,

విరిగినవి పంపానని రాశావు. నేను నేసిన చీరను ఇన్నేళ్ళలో ఏ షావుకారూ తిప్పి పంపలేదు. నువ్వు మొదటివాడివి. సరే, ఈసారి చూసుకో. మా ఇంట్లో ఉన్న చిమటాల్లో సన్నది తీసి, సన్నటి మొనల కత్తెర తీసి, ఒక్కొక్కదాన్ని రెండుసార్లు చూశాను. విరిగినట్టు కనిపించేది ఏదీ లేకుండా చేసి పంపుతున్నాను.

వానలు పడి బావి నిండింది, అడుగు కనబడదు. ఇస్రాయేలును అడిగితే ఒక ఉపాయం చెప్పాడు. పాత కుండకు మూతి దగ్గర గుడ్డ కట్టి, గుడ్డకు చిన్న చిల్లి పెట్టి, లోపల జొన్నరొట్టె ముక్క వేసి, ఊట దగ్గరికి తాడుతో దించాం. ఒక రోజంతా ఉంచి తీస్తే పదకొండు వచ్చాయి. రొట్టెకు ఆశపడటంలో అవీ మనలాంటివే. పెద్దవాటినే ఏరాను. మగవి కనబడటం లేదంటావు. మన వీధిలో కూడా పనున్న రోజు మగవాళ్ళు కనబడరు, ఆశ్చర్యమేముంది.

మీ బావ వనపర్తిలో మూడు బావులు, గోపాల్‌పేటలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో రెండు చూసి వచ్చాడు. చీరల మూట పక్కనపెట్టి బావిలో కుండ దించుతుంటే ఇతనికి మతి చెడిందా అని జనం మూగారట. దొరికినవి కప్పపిల్లలు. తమ్ముడి కోసమని చెప్తే, "ఏం తమ్ముడయ్యా, బంగారం అడగాలె గానీ పురుగులడుగుతడా" అందట ఒక ముసలమ్మ.

నీళ్ళు వడకట్టే సంగతి పోయినసారి అడిగాను, నువ్వేమీ అనలేదు. అనలేదంటే సరేననే కదా. మొదట్లో ఒక్కతే వడకట్టుకున్న కిష్టమ్మత్త కూడా జూలైలోనే మానేసింది. నీ మాట మీదనే మానేసింది.

రామేశ్వరమ్మ


హైదరాబాదు
21 జనవరి 1944

అక్కా, క్షేమం.

పదకొండూ చూశాను. మళ్ళీ అదే. మగది ఒక్కటీ లేదు. పెద్దవాటికే రెక్కలు విరిగి ఉన్నాయి, చిన్నవి బాగున్నాయి. ఇది విడ్డూరంగా ఉంది. ఈ జాతిలో మగవే ఉండవేమోనని సారు ఒక మాట అన్నారు. అలా అని రాసి, రేపు ఇంకెవరికో మగది దొరికితే నవ్వులపాలవుతాం.

సారు ఈ ఎండాకాలంలోపు ఈ కొత్త పురుగు మీద వ్యాసం పూర్తిచేసి పంపాలనుకుంటున్నారు. జూన్ దాటితే లేదు. పదిహేడు బొమ్మలు తయారయ్యాయి, మగదాని బొమ్మ ఒక్కటి తక్కువ. అది లేకపోతే మిగతా పదిహేడూ పెట్టెలో పడి ఉంటాయి. ఎండాకాలం నీళ్ళు తగ్గగానే ఇస్రాయేలును మళ్ళీ అడుగుకు దించు. నిన్ను విసిగిస్తున్నానని తెలుసు. ఇది ఒక్కసారి జరిగితే నాకూ ఒక పేరు ఉంటుంది.

అనంతయ్య


గద్వాల
28 మే 1944

తమ్ముడూ,

నీ ఉత్తరం జనవరిలో వచ్చింది, నేను ఇప్పుడు రాస్తున్నాను. కూర్చునే ఉన్నాను, రాయడానికి తీరికా ఉంది. రాయబుద్ధి కాలేదు.

ఏప్రిల్ మొదట్లో నా కుడికాలి చీలమండ దగ్గర బొబ్బ లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. అందరూ చేసేదే నేనూ చేశాను, బావి మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టుకున్నాను. చల్లగా అనిపించింది. మూడోరోజు బొబ్బ పగిలి నారి పురుగు తల బయటికొచ్చింది. లాగితే తెగుతుంది, తెగితే కాలంతా చీము పడుతుంది. అందుకని పుల్లకు చుట్టి రోజుకు ఒక అంగుళం మాత్రమే తీయాలి. నేను పుల్ల వెతుక్కోలేదు, చేతికి అందిన కండెకే చుట్టాను. పుట్టిన్నాటినుంచి కండెలకు పోగు చుడుతున్నాను, ఇలాంటి పోగు చుడతానని అనుకోలేదు. నలభై రెండు రోజులు పట్టింది. అంతా వచ్చేసింది. కానీ చీలమండ బిగుసుకుపోయింది. మగ్గం గుంటలో కూర్చుని చెక్క తొక్కబోతే కాలు లొంగడం లేదు. కొంగు సగంలో ఉన్న చీర అలాగే ఉంది.

నేను ఒక్కదాన్నే కాదు. వీధిలో ఎనిమిదిమందికి లేచింది. ఏటా ఇద్దరు ముగ్గురే. కిష్టమ్మత్తకు ఈసారి రెండు కాళ్ళకూ వచ్చింది. ఆవిడ మంచం పక్కన కూర్చుంటే, "నీ తమ్ముని కాయితం సదివినవు గదనే. నేను గుడ్డ ఇడిసిపెట్టిన" అంది. తిట్టలేదు. అంతే అంది. నేను లేచి వచ్చేశాను, ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

మనం కడవ ముంచనివ్వని ఇస్రాయేలు మొన్న వచ్చాడు. ఆ బావి నీళ్ళు తాగనందుకు అతని కాళ్ళు రెండూ బాగున్నాయి.

నీ పురుగు నిరపరాధి అన్నావు. నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. మరి ఎవరు చేశారు? ఆ నీళ్ళు తాగొచ్చా అని నిన్ను మొదటి ఉత్తరంలోనే అడిగాను. తర్వాత ఇంకో రెండుసార్లు అడిగాను. నా ఉత్తరాలు నీ దగ్గర ఉంటే తీసి చూడు.

అక్క


హైదరాబాదు
4 జూన్ 1944

అక్కా,

వడకట్టకుండా ఆ నీళ్ళు తాగవద్దు. రెండు మడతల మెత్తటి గుడ్డతో, దగ్గర నేత ఉన్న గుడ్డతో వడకట్టి తాగండి. నారి కురుపు ఉన్నవాళ్ళెవరూ బావి మెట్లు దిగవద్దు, కాలు నీళ్ళలో పెట్టవద్దు. ఈ రెండు మాటలు ఇవాళే వీధిలో చదువు. మిగతా ఉత్తరం తర్వాత చదువుకో.

నీ ఉత్తరాలు తీసి చూశాను. మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ నేను పురుగు గురించే రాశాను. నీ మొదటి ఉత్తరంలో రెండు ప్రశ్నలుంటే నాకు ఒక్కటే కనబడింది. నీకు ఏమని చెప్పుకోను? సిగ్గుగా ఉంది.

ఇంకా పాపం ఏమిటంటే జవాబు నాకు తెలుసు. కురుపు ఉన్న కాలు నీళ్ళలో పెట్టగానే నారి పురుగు తన పిల్లలను నీళ్ళలోకి వదులుతుంది. వాటిని ఒక చిన్న పురుగు మింగుతుంది, సూదిమొన చుక్కంత ఉంటుంది, నుదుట ఒక్కటే కన్ను. వడకట్టని నీళ్ళతో ఆ ఒంటికన్నుది మన కడుపులోకి పోతుంది. పది నెలలకో ఏడాదికో కాల్లో నారి పురుగు. గుడ్డతో వడకడితే ఆ చుక్క గుడ్డ మీదే ఆగిపోతుంది. దీని బొమ్మ పోయినేడాదికి ముందు ఏడాది గోడపటం కోసం నేనే గీశాను అక్కా. అది ఇప్పటికీ మా గది గోడకు వేలాడుతోంది. దాని కిందే కూర్చుని నీకు నిరపరాధి అని రాశాను.

దరోగా పురుగును తప్పుగా పట్టుకున్నాడు గానీ అతను చేయబోయిన పని మంచిదే. అతన్ని పిలిచి సున్నం పోయించు. మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలక పెట్టి తోడుకోండి. నీళ్ళు తేరాక పట్టుకు ఆ బావి నీళ్ళే వాడుకోవచ్చు. సున్నానికి తెల్లవి కూడా చస్తాయి. చావనీ. సారుకు చెప్పాను. ఆయన అలాగే చేయించమన్నారు.

మగది ఇక దొరకదు. దాని గుర్తు రాయడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను, ఇప్పుడు మొహమాటానికి ఏం మిగిలింది? తోక కింద రెండో జత రెక్కల్లో లోపలివైపు, మగదానికి సన్నటి పుల్లలాంటిది ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది, పోగు కొస వేలాడినట్టు. ఆ కొస ఆకారంతోనే జాతి తేలుతుంది. తెలుసుకుని నీకు లాభం లేదు, అయినా నీ దగ్గర ఏదీ దాచకూడదనిపించి రాశాను.

నీ కాలికి రోజూ నువ్వుల నూనె వేడిచేసి రాయించుకో. కిష్టమ్మత్త కాళ్ళమీద నా తరఫున పడు. నేను వచ్చినప్పుడు నేనే పడతాను.

అనంతయ్య


గద్వాల
25 జూన్ 1944

అనంతూ,

నీ ఉత్తరం వచ్చిన పూటే మొదటి నాలుగు పంక్తులు అరుగు మీద చదివాను. దరోగాను పిలిపించాం. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు, సున్నం బస్తాలు మళ్ళీ బండి దించాడు. మెట్లకు అడ్డంగా ఇస్రాయేలు గోడ కట్టాడు. గిలక పెట్టి, నీళ్ళు తేరాక మొదటి చేద తోడి, వడకట్టి అతని దోసిట్లో నేనే పోశాను. వీధిలో ఇద్దరు మొహం తిప్పుకున్నారు. మిగతావాళ్ళు కడవలు పట్టుకుని అతని వెనకే వరసకట్టారు. వడపోత గుడ్డ కోసం ఎవరినీ అడగలేదు. ఇంట్లో ఉన్న రెండో మగ్గం మీద, చీరలకని దాచిన నూలుతో మీ బావ కూర్చుని దగ్గరగా నేశాడు. ఇంటికి ఒకటి ఇచ్చాం. కిష్టమ్మత్తకు రెండు ఇచ్చాను. నీ మాట చెప్పాను. "వాణ్ణి రమ్మను, బువ్వ పెడ్త" అంది.

తర్వాత మిగతా ఉత్తరం ఒక్కదాన్నే చదువుకున్నాను. పోగు కొస వేలాడినట్టు అని రాసినచోట ఆగిపోయాను.

అనంతూ, ఆ కొసలు నేనే కత్తిరించాను.

కొన్ని పురుగులకు, పెద్దవాటికే ఎక్కువగా, తోక కింద ఒక పోగు కొస పొడుచుకొచ్చి ఉండేది. చీర మడత పెట్టేముందు అడుగువైపు వేలాడే కొసలన్నీ కత్తిరించకపోతే అది పని తెలియని ఇల్లంటారు. నీ సీసాలో వేసేముందు ఆ కొసలు కనబడితే చిమటాతో పట్టి కత్తెరతో తీసేశాను. విరిగినవి పంపానన్నావని రెండోసారి ఇంకా దగ్గరికంటా తీశాను. అంటే నీ మగవాటన్నిటినీ నేనే ఆడవాటిని చేసి పంపాను. చదివి నవ్వాను, తర్వాత ఏడ్చాను, మీ బావ ఏం జరిగిందోనని పరుగెత్తుకొచ్చాడు.

నువ్వు నా ఉత్తరంలో అక్కర్లేదనుకున్నది వదిలేశావు. నేను నీ పురుగుకు అక్కర్లేదనుకున్నది కత్తిరించాను. ఒక తల్లి పిల్లలమే. ఇక దీని గురించి నువ్వు ఏడవకు, నేనూ ఏడవను.

ఇప్పుడు ఇది విను. నేతింట్లో కొసలు పారేస్తారా? పట్టు కొస, జరీ కొస, నూలు కొస, ఏదీ ఊడ్చి బయట పోయకూడదని అమ్మ చెప్పేది. నీ పురుగుల కొసలు కూడా అలవాటుగా అమ్మ ముక్కుపొడి డబ్బీలోనే వేశాను. నిన్న తీసి తెల్లగుడ్డ మీద పోసి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా వేరు చేశాను. పట్టు కొస మెరుస్తుంది, నూలు కొస నలిగితే విచ్చుకుంటుంది, నీ పురుగు కొస రెండూ చేయదు. పందొమ్మిది దొరికాయి. అమ్మ చెప్పిన పద్ధతి తప్పకపోవడం ఇలా కలిసొచ్చింది. ఎండిపోయి ఉన్నాయి. నానబెడితే విచ్చుకుంటాయేమో నీకే తెలియాలి. గంజిలో మాత్రం నానబెట్టకు. ఈ ఉత్తరంతోపాటు డబ్బీ మీ బావ రైలు గార్డు చేతికి ఇచ్చి పంపుతున్నాడు, జూన్ దాటకముందే నీకు చేరాలని.

నిన్న గుంటలోకి దిగి చెక్క మీద కాలు పెట్టాను. కొంచెం లొంగింది. నాలుగు పోగులు నేసి లేచాను. ఆ సగం కొంగు పూర్తయ్యాకే నీ దగ్గరికి వస్తాను, అందాకా నువ్వే రా.

డబ్బీ మాత్రం జాగ్రత్తగా తిప్పి పంపు. అది అమ్మది.

అక్క
రామేశ్వరమ్మ